లఘులోలకం ఊపు పెంచితే ఆవర్తన కాలం మారుతుందా?

మీరు చిత్తూరు నుంచి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒక మీటరు పొడవున్న లఘులోలకాన్ని 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల వరకు వేర్వేరు కోణాల నుంచి వదిలి, ప్రతిసారీ 20 డోలనాలకు పట్టిన కాలాన్ని స్టాప్‌క్లాక్‌తో కొలిచారు. 5, 10 డిగ్రీల దగ్గర 40.2 సెకన్లు, 15, 20 డిగ్రీల దగ్గర 40.4, 30 దగ్గర 40.7, 45 దగ్గర 41.3, 60 దగ్గర 42.1 సెకన్లు వచ్చాయి. ఆవర్తన కాలం (ఒక డోలనానికి పట్టే సమయం) కంపన పరిమితిపై, అంటే ఊపు ఎంత పెద్దదన్న దానిపై ఆధారపడదని పాఠ్యపుస్తకంలో ఉంది కాబట్టి పెద్ద కోణాల రీడింగులు తప్పని, మళ్ళీ చేసి తీసుకురమ్మని మీ కళాశాలలో చెప్పారు. మీ స్నేహితుడేమో సూత్రం వేసి చూపించి, 60 డిగ్రీలకు 43 సెకన్లు దాటి రావాలన్నాడు. పుస్తకం 40.2 అంటోంది, స్నేహితుడు 43 అంటున్నాడు, మీ చేతికి వచ్చింది 42.1. వీటిలో ఏది నిజమని మీ సందేహం.

తిరుపతిలో డిగ్రీ విద్యార్థుల చేత ఈ ప్రయోగాన్ని చాలా కాలం చేయించినవాడిగా ముందుగా ఒక మాట చెబుతాను. మీ రీడింగులు తప్పు కావు. రికార్డులో ఒక్క అంకెను కూడా దిద్దవద్దు. పుస్తకంలోని మాట తాను పెట్టుకున్న షరతుకు లోబడి సరైనదే, మీ స్నేహితుడి లెక్క కూడా సరైనదే. మీ 42.1 ఆ రెండింటి మధ్య ఎందుకు పడిందో వివరించగలిగితే, అదే మీ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన భాగం అవుతుంది.

పుస్తకం పెట్టిన షరతు ఏమిటో మొదట చూద్దాం. లోలకపు గోళాన్ని పక్కకు జరిపినప్పుడు దానిని విరామ స్థానం వైపు లాగే పునఃస్థాపక బలం కోణానికి అనులోమంగా ఉండదు, ఆ కోణపు సైన్ విలువకు అనులోమంగా ఉంటుంది. కోణాన్ని రేడియన్లలో రాస్తే, 10 డిగ్రీలు అంటే 0.1745, దాని సైన్ 0.1736, రెండింటికీ తేడా లేదనే చెప్పవచ్చు. 30 డిగ్రీలకు కోణం 0.5236 కాగా సైన్ 0.5 మాత్రమే. 60 డిగ్రీలకు వచ్చేసరికి కోణం 1.047, సైన్ 0.866. సైన్ బదులు కోణాన్నే వాడుకోవచ్చు అనే ఉజ్జాయింపు చేసిన తరువాతనే చలనం సరళ హరాత్మకం (బలం స్థానభ్రంశానికి అనులోమంగా ఉండే డోలనం) అవుతుంది, ఆవర్తన కాలపు సూత్రంలోంచి కంపన పరిమితి మాయమవుతుంది. అంటే ఆవర్తన కాలం ఊపు మీద ఆధారపడకపోవడం లోలకానికి సహజంగా ఉన్న గుణం కాదు, ఊపు చిన్నదిగా ఉన్నంతవరకు మనకు కనిపించే గుణం. ఊపు పెరిగేకొద్దీ, బలం ఉండవలసిన దానికన్నా తక్కువ పడుతుంది కాబట్టి గోళం కొసన వెనక్కి తిరగడానికి ఎక్కువ సేపు తీసుకుంటుంది, ఆవర్తన కాలం పెరుగుతుంది. బాగా ఎత్తుకు ఊగే ఉయ్యాల పైకొసన కాసేపు నిలిచినట్లు అనిపించేది కూడా ఇందుకే.

ఇక్కడ విద్యార్థులు తరచుగా అడిగే ఉపప్రశ్న ఒకటి ఉంది. 30 డిగ్రీల దగ్గర బలం నాలుగున్నర శాతం తగ్గితే కాలం మాత్రం రెండు శాతం కూడా ఎందుకు పెరగదు? రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, గోళం ఎప్పుడూ 30 డిగ్రీల దగ్గరే ఉండదు. కొస నుంచి కొసకు పోయే దారిలో చిన్న కోణాలన్నిటినీ దాటుతుంది, అక్కడ బలంలో లోటు చాలా తక్కువ. రెండవది, ఆవర్తన కాలం బలానికి విలోమానుపాతంలో కాక దాని వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది, కాబట్టి మిగిలిన లోటులో కూడా సగమే కాలంలో కనిపిస్తుంది.

ఈ పెరుగుదలకు ఒక చక్కని లెక్క ఉంది. కోణాన్ని రేడియన్లలో తీసుకొని దాని వర్గాన్ని 16తో భాగిస్తే, ఆవర్తన కాలం ఎంత భాగం పెరుగుతుందో మొదటి అంచనాగా తెలుస్తుంది. ఇంకొంచెం సూక్ష్మంగా కావాలంటే కోణపు నాలుగవ ఘాతాన్ని 11తో గుణించి 3072తో భాగించి దానికి కలపాలి. ఈ లెక్క ప్రకారం పెరుగుదల 5 డిగ్రీలకు 0.05 శాతం, 10 డిగ్రీలకు 0.19, 20 డిగ్రీలకు 0.77, 30 డిగ్రీలకు 1.7, 45 డిగ్రీలకు 4, 60 డిగ్రీలకు 7.3 శాతం. 90 డిగ్రీలకు ఇది 18 శాతం అవుతుంది కానీ, అంత ఎత్తు నుంచి దారపు లోలకాన్ని వదిలితే దారం సడలిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి మీరు 60 దగ్గర ఆగడం మంచిదే.

ఇప్పుడు మీ అంకెల దగ్గరికి వద్దాం. మన ప్రాంతంలో గురుత్వ త్వరణం సుమారు 9.78 మీ/సె². మీటరు లోలకానికి చిన్న ఊపుల ఆవర్తన కాలం 2.009 సెకన్లు, 20 డోలనాలకు 40.18 సెకన్లు. మీకు 5 డిగ్రీల దగ్గర వచ్చిన 40.2 దీనితో చక్కగా సరిపోయింది. 10 డిగ్రీలకు రావలసింది 40.26. చేతితో స్టాప్‌క్లాక్ నొక్కేవారికి మొదట్లోనూ చివరలోనూ కలిపి సెకనులో పదవ వంతు నుంచి ఐదవ వంతు దాకా తేడా రావడం మామూలే కాబట్టి, 0.08 సెకను పెరుగుదల మీ కంట పడకపోవడంలో ఆశ్చర్యం లేదు. ప్రాక్టికల్స్‌లో కోణం 10 డిగ్రీలు దాటనివ్వకండి అని చెప్పడంలోని అంతరార్థం ఇదే. ఆ హద్దు లోపల ఊపు ప్రభావం లేకుండా పోదు, మన స్టాప్‌క్లాక్ దానిని పట్టుకోలేదు, అంతే.

ఇక 60 డిగ్రీల సంగతి. సిద్ధాంతం ప్రకారం 20 డోలనాలకు 43.1 సెకన్లు పట్టాలి, కానీ ఆ ఇరవై డోలనాలూ 60 డిగ్రీల ఊపుతోనే జరిగినప్పుడు మాత్రమే. మీరు వాడినది తేలికైన ప్లాస్టిక్ బంతి అని రాశారు. తేలికైన బంతికి గాలి అవరోధం బాగా తగులుతుంది, ఊపు పెద్దదైతే వేగం పెరిగి అది మరింతగా తగులుతుంది. ఇరవయ్యవ డోలనం ముగిసేసరికి బంతి ఎంత కోణం దాకా వెళ్తోందో మీరు రాయలేదు. అది 40 డిగ్రీల దగ్గరికి తగ్గి ఉంటే సగటు ఊపు 50 డిగ్రీలు అవుతుంది, 50 డిగ్రీలకు లెక్క ప్రకారం రావలసిన కాలం 42.2 సెకన్లు. మీకు వచ్చింది 42.1. 30, 45 డిగ్రీల రీడింగులు కూడా సిద్ధాంతం చెప్పే 40.9, 41.8 కన్నా కొద్దికొద్దిగా తక్కువ ఉండడానికి ఇదే కారణమని నేను భావిస్తున్నాను. అయితే నా మాట మీద దీనిని రికార్డులో రాయవద్దు. అదే బంతిని అదే కోణం నుంచి మరొకసారి వదిలి, ఇరవయ్యవ డోలనంలో కోణం ఎంత ఉందో మీ కళ్ళతో చూసి, అప్పుడు రాయండి.

ఒక విషయం ఇక్కడ స్పష్టంగా గుర్తించాలి. గాలి అవరోధం వల్ల ఊపు తగ్గుతుంది, ఊపు తగ్గడం వల్ల కాలం తగ్గుతుంది. అవరోధం నేరుగా ఆవర్తన కాలాన్ని మార్చేది చాలా స్వల్పం. ఈ రెండింటినీ కలిపేసి, గాలి వల్ల లోలకం నెమ్మదించింది కాబట్టి కాలం పెరిగింది అని రాసినవారిని చాలామందిని చూశాను. అది నిజమైతే మీ 60 డిగ్రీల రీడింగు 43.1 కన్నా ఎక్కువ రావాలి, తక్కువ కాదు.

మళ్ళీ చేయమన్నారు కనుక ఎలాగూ చేస్తారు. ఈసారి పద్ధతిని కొంచెం మార్చి చేయమని నా సలహా. అన్నిటికన్నా ముందు బంతిని మార్చండి. తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకోవడానికి వాడే ఇనుప లేదా ఇత్తడి గుండు హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. అది బరువుగా, చిన్నదిగా ఉంటుంది కాబట్టి ఊపు నెమ్మదిగా తగ్గుతుంది. దానితో పది డోలనాలు లెక్కపెట్టినా కోణం పెద్దగా పడిపోదు. ప్రయోగం చేస్తున్నంతసేపూ గదిలో ఫ్యాను ఆపి ఉంచాలి. మన ఎండల్లో అది కష్టమే గనుక ఉదయం పూట చేసుకోవడం మంచిది.

బరువైన గుండు వాడితే ఆధారం గట్టిగా ఉండాలి. 60 డిగ్రీల నుంచి వదిలిన గుండు అడుగున దాటేటప్పుడు దారంలో తన్యత గుండు బరువుకు సరిగ్గా రెండు రెట్లు ఉంటుంది, పైగా అది స్టాండును ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగుతుంది. ప్రయోగశాలలోని మామూలు ఇనుప స్టాండు ఈ లాగుడుకు కదులుతుంది. ఆధారం కదిలితే ఆవర్తన కాలం మారుతుంది, ఆ మార్పు మీరు వెతుకుతున్న మార్పులో కలిసిపోతుంది. స్టాండును బల్లకు క్లాంపుతో బిగించండి, లేదా తలుపు పైకమ్మీకి ఒక చెక్కను గట్టిగా బిగించి దానికి వేలాడదీయండి. ఉయ్యాల కోసం దూలానికి వేసిన కొక్కెం ఇంట్లో ఉంటే దానికి కట్టాలని అనిపిస్తుంది కానీ, దారాన్ని నేరుగా గుండ్రని కొక్కేనికి చుట్టి కట్టవద్దు. ఊగేటప్పుడు దారం ఆ గుండ్రని భాగం మీద కొంత ఒరిగి, పొడవు మారుతూ ఉంటుంది. చీల్చిన కార్కు మధ్యలో గాని, అంచులు పదునుగా ఉన్న రెండు చిన్న చెక్క పలకల మధ్యలో గాని దారాన్ని బిగిస్తే, అది ఎప్పుడూ ఒకే బిందువు దగ్గర వంగుతుంది.

దారం సంగతి కూడా చూసుకోవాలి. నైలాన్ దారం సాగుతుంది. మీటరులో రెండు మిల్లీమీటర్లు సాగితే ఆవర్తన కాలం 0.1 శాతం పెరుగుతుంది, ఇది 7 డిగ్రీల ఊపు తెచ్చే మార్పుకు దాదాపు సమానం. సాగని అల్లిక దారం తీసుకొని, గుండు కట్టి ఒక రాత్రంతా వేలాడనిచ్చి, ఆ తరువాత కొలతలు మొదలుపెట్టండి. అన్ని కోణాలకూ అదే దారం, అదే ముడి ఉండాలి. మీరు చూస్తున్నది ఒక కోణానికీ మరొక కోణానికీ మధ్య కాలాల నిష్పత్తి మాత్రమే కనుక, పొడవు సరిగ్గా 100 సెంటీమీటర్లు కాక 99.6 అయినా నష్టం లేదు, మధ్యలో మారకుండా ఉంటే చాలు. గురుత్వ త్వరణం విలువ కట్టే మామూలు ప్రయోగానికీ, ఈ ప్రయోగానికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే, ఇది మీకు కలిసివచ్చే తేడా.

కోణం చదవడానికి చిన్న కోణమానినిని పైన పట్టుకోవడం కన్నా మెరుగైన మార్గం ఉంది. లోలకం వెనుక గోడకు పెద్ద చార్టు అంటించి, ఆధార బిందువు నుంచి నిలువుగా 50 సెంటీమీటర్ల కింద ఒక అడ్డగీత గీయండి. ఆ గీత మీద నిలువు రేఖ నుంచి 28.9 సెంటీమీటర్ల దూరంలో పెట్టిన చుక్కను ఆధార బిందువుతో కలిపితే 30 డిగ్రీల గీత వస్తుంది, 50 సెంటీమీటర్ల దగ్గర 45 డిగ్రీలు, 86.6 దగ్గర 60 డిగ్రీలు. మిగిలిన కోణాలకు ట్యాన్ విలువను 50తో గుణించుకోండి. దారం చార్టుకు బాగా దగ్గరగా ఊగాలి, మీరు ఎదురుగా దూరం నుంచి చూడాలి. లెక్క మొదలుపెట్టినప్పటి కోణాన్నీ, ముగించినప్పటి కోణాన్నీ రెండింటినీ చదివి, వాటి సగటును ఆ రీడింగు కోణంగా రాయండి. మీ మొదటి ప్రయోగంలో లోపించినది ఈ ఒక్క నిలువు వరుసే.

గుండును చేతితో వదిలితే తెలియకుండానే పక్కకు చిన్న తోపు పడి అది దీర్ఘవృత్తంలో తిరగడం మొదలుపెడుతుంది. దానిని వేరొక సన్నని దారంతో వెనక్కి లాగి కట్టి, పూర్తిగా నిశ్చలమయ్యాక ఆ కట్టుదారాన్ని అగ్గిపుల్లతో కాల్చండి. గుండు ఒకే తలంలో నేరుగా వస్తుంది. మొదటి ఒకటి రెండు డోలనాలను వదిలేసి, గుండు అడుగున నిలువు గీతను దాటే క్షణంలో "సున్నా" అంటూ గడియారం నొక్కండి. కొసన ఆగినప్పుడు నొక్కడం తేలిక అనిపిస్తుంది గానీ, అక్కడ గుండు చాలా నెమ్మదిగా కదులుతుంది కాబట్టి అది సరిగ్గా ఏ క్షణంలో తిరిగిందో చెప్పలేము. అడుగున అది అత్యధిక వేగంతో దాటుతుంది, అక్కడ క్షణం స్పష్టంగా తెలుస్తుంది. తిరిగి అదే దిశలో అదే గీతను దాటితేనే ఒక డోలనం పూర్తయినట్లు.

ఎన్ని డోలనాలు లెక్కపెట్టాలన్నది ఈ ప్రయోగంలో నిజంగా ఆలోచించవలసిన విషయం. ఎక్కువ డోలనాలు తీసుకుంటే చేతి పొరపాటు పంచుకుపోతుంది కానీ ఊపు పడిపోతుంది. తక్కువ తీసుకుంటే ఊపు నిలుస్తుంది కానీ చేతి పొరపాటు పెద్దదిగా కనిపిస్తుంది. 30 డిగ్రీల దగ్గర పది డోలనాలకు 20.44 సెకన్లు, చిన్న ఊపుకు 20.09, తేడా 0.35 సెకను. బరువైన గుండుతో పది డోలనాలు, ప్రతి కోణానికీ అయిదారుసార్లు చేసి సగటు తీస్తే ఈ తేడా నిస్సందేహంగా కనిపిస్తుంది. మొబైల్‌తో వీడియో తీసి ఫ్రేములు లెక్కపెడితే ఇంకా మంచిది. సెకనుకు 60 ఫ్రేములు తీసే కెమెరాతో ఒక్కొక్క ఫ్రేము సెకనులో అరవయ్యవ వంతు, అయిదు డోలనాలే తీసుకున్నా సరిపోతుంది.

రీడింగులు వచ్చాక వాటిని పట్టికలో వదిలేయకుండా గ్రాఫ్ గీయండి. అడ్డంగా సగటు కోణాన్ని రేడియన్లలోకి మార్చి దాని వర్గం, నిలువుగా ఆవర్తన కాలం. బిందువులు దాదాపు ఒక సరళరేఖ మీద పడతాయి. ఆ రేఖ నిలువు అక్షాన్ని తాకే చోటు అసలు ఊపే లేనప్పటి ఆవర్తన కాలం, దానిని ఎవరూ నేరుగా కొలవలేరు. రేఖ వాలును ఆ అంతరఖండంతో భాగిస్తే 0.0625కు, అంటే పదహారవ వంతుకు దగ్గరగా రావాలి. 60 డిగ్రీల బిందువు రేఖకు కొంచెం పైన ఉంటే కంగారుపడవద్దు. వర్గం ఒక్కటే అయితే అక్కడ 6.9 శాతం పెరుగుదల రావాలి, నిజమైన పెరుగుదల 7.3 శాతం, నాలుగవ ఘాతపు పదం అక్కడే తల ఎత్తుతుంది. ఒక దారం, ఒక గుండు, ఒక గోడ చార్టుతో గణితం చెప్పిన 16 అనే అంకెను రాబట్టడం నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టమైన పని. కాలం మారలేదు అని ఒక వాక్యం రాసి ముగించే ప్రయోగంతో దీనికి పోలికే లేదు.

ఈ సందేహం మీకు మాత్రమే వచ్చింది కాదు. గెలీలియో 1602లో ఇటలీ గణితవేత్త గ్విడోబాల్డో డెల్ మోంటేకు రాసిన ఉత్తరంలో పెద్ద ఊపులకూ చిన్న ఊపులకూ ఒకే కాలం పడుతుందని వాదించాడు. పెద్ద ఊపులకు కొంచెం ఎక్కువ కాలం పడుతోందని ఆ తరువాత ఫ్రాన్సులో మెర్సెన్ అనే పండితుడు గమనించాడు. 1656లో లోలక గడియారాన్ని రూపొందించిన హైగెన్స్‌కు ఇది తప్పించుకోలేని సమస్య అయింది. గడియారంలో లోలకపు ఊపు 3 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు మారితే చాలు, రోజుకు దాదాపు 11 సెకన్లు వెనుకబడుతుంది. ఆయన లోలకం పై కొసకు రెండు వైపులా సైక్లాయిడ్ (దొర్లే చక్రపు అంచు మీది చుక్క గీసే వక్రం) ఆకారంలో వంపు తిరిగిన రేకులు పెట్టి, ఊపు పెరిగినప్పుడు దారం వాటి మీద ఒరిగి పొట్టిదయ్యేటట్లు చేశాడు. పొట్టిదైన దారం వల్ల తగ్గే కాలం, పెద్ద ఊపు వల్ల పెరిగే కాలంతో సరిగ్గా సరిపోతుంది. దీనిని ఆయన 1673లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించాడు. గుండ్రని కొక్కేనికి దారం చుట్టవద్దని పైన అంతగా చెప్పడానికి కారణం ఇదే: దారం ఆధారం మీద ఒరిగితే పొడవు మారుతుంది, హైగెన్స్ కావాలని చేసిన మార్పు మీ ప్రయోగంలో మీకు తెలియకుండానే జరిగి, మీరు వెతుకుతున్న ప్రభావాన్ని చెడగొడుతుంది.

మీరు చివరలో, ఈ ప్రయోగాన్ని కొండ మీద చేస్తే తేడా వస్తుందా అని కూడా అడిగారు. తిరుపతి పట్టణానికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. ఆ ఎత్తుకు గురుత్వ త్వరణం తగ్గడం వల్ల ఆవర్తన కాలం పెరిగేది శాతంలో వందో వంతుకు మించదు. ఊపును రెండు మూడు డిగ్రీలకు పెంచితే వచ్చే మార్పు కూడా అంతే. చేతితో నొక్కే గడియారంతో అది దొరకదు. పైగా ఎక్కడ చేసినా మీరు తీసేది నిష్పత్తి కనుక గురుత్వ త్వరణం విలువ అందులోంచి కొట్టుకుపోతుంది, పదహారవ వంతు అలాగే ఉంటుంది. దీనిని పరీక్షించాలంటే కొండ ఎక్కనవసరం లేదు. దారాన్ని 50 సెంటీమీటర్లకు తగ్గించి మళ్ళీ చేయండి. ఆవర్తన కాలం 1.42 సెకన్లకు పడిపోతుంది, గ్రాఫ్ వాలు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది, వాలును అంతరఖండంతో భాగించిన విలువ మాత్రం మారకూడదు. చార్టు మీది కోణపు గీతలు దారం పొడవుతో సంబంధం లేనివి కాబట్టి వాటిని మళ్ళీ గీయనక్కరలేదు. రికార్డు ఇవ్వడానికి వ్యవధి తక్కువగా ఉంటే మీటరు దారంతోనే 10, 30, 45, 60 డిగ్రీలు తీసుకోండి. 5, 15 డిగ్రీల రీడింగులు ఈ గ్రాఫ్‌కు పెద్దగా ఉపయోగపడవు.